కూడలి దీపములకు చూపు వచ్చిన విధము

ఉదయగిరిలో తెల్లవారుజామున బయలుదేరిన బస్సు ఆత్మకూరు, సంగము, బుచ్చిరెడ్డిపాలెముల మీదుగా నెల్లూరు చేరుటకు సుమారు నూరు కిలోమీటర్లు నడువవలెను. ఆ నూరు కిలోమీటర్లలో ప్రయాణికుల ఓర్పును పరీక్షించునది మెట్టప్రాంతపు ఎండ కాదు. నెల్లూరు పొలిమేర చేరిన పిదప మిగిలిన రెండు మూడు కిలోమీటర్లు. పడమటి మండలముల బస్సులు వచ్చి ఆగుచోటికి నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు అనియే పేరు. ఉదయము కచేరీలు తెరచు వేళకు పట్టణపు వీధులలో బస్సు, లారీ, ఆటో, మోటారు సైకిలు, తోపుడుబండి, సంచి చేతబట్టి నడచిపోవు మనిషి అందరును ఒకే కూడలిని పంచుకొనవలసి వచ్చును.

పంచుకొనుట యను మాటను ఇచట గట్టిగా పట్టుకొనవలెను. కూడలిలో నిలిపిన దీపస్తంభము రోడ్డును ఒక్క అంగుళమైనను వెడల్పు చేయజాలదు. అది చేయునదెల్ల ఉన్న కాలమును వంతులుగా పంచుటయే. గంటకు 3600 సెకనులు. ఒక దారికి ఇచ్చిన సెకను రెండవ దారికి లేదు. పెన్న కాలువల క్రింద సేద్యము చేయు రైతులకు వంతునీరు క్రొత్తమాట కాదు. ఒక చేనికి నీరు వదలినంతసేపు ప్రక్కచేను ఎదురుచూడవలసినదే. అయితే నీరు వదలువాడు చేలను చూచి వదలునా, గడియారమును మాత్రము చూచి వదలునా అనుదానిని బట్టి పంట మారును. తడిసిన చేనిలోనికే ఇంకను నీరు పారుచుండగా ఎండిన చేను ఎదురుచూచుట ఎట్టిదో, ఖాళీవీధికి పచ్చదీపము వెలుగుచుండగా బండ్లు నిండిన వీధి ఎఱ్ఱదీపము ముందు నిలిచియుండుట అట్టిది. ఈ వృథాను తగ్గించుటకై నేడు పెద్ద నగరములలో అనుకూలన సిగ్నళ్లను అమర్చుచున్నారు. అనగా వచ్చిపోవు బండ్లను ఎప్పటికప్పుడు గమనించి, తమ వేళలను తామే మార్చుకొను సిగ్నళ్లు.

కన్ను పోయి గడియారము వచ్చుట

మొదటి సంకేత దీపము విద్యుత్తుతో వెలుగలేదు. 1868 డిసెంబరులో లండనులో పార్లమెంటు భవనము చెంత, జాన్ పీక్ నైట్ అను రైల్వే ఇంజనీరు సూచన ననుసరించి ఒక స్తంభమును నిలిపిరి. దానికి రైలు సిగ్నలునకు వలె పైకి క్రిందికి కదలు చేతులును, రాత్రివేళకు ఎఱ్ఱ, పచ్చ గ్యాసు దీపములును ఉండెను. దానిని త్రిప్పుటకు ఒక పోలీసు ప్రక్కనే నిలుచుండెడివాడు. నెల తిరుగకమునుపే, 1869 జనవరిలో, గ్యాసు కారి దీపము ప్రేలి ఆ పోలీసు గాయపడెను. ఆ ప్రయోగము అంతటితో ఆగినది. 1914 ఆగస్టులో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున విద్యుద్దీపములతో సిగ్నలు వెలసెను. 1920లో డెట్రాయిటు పోలీసు అధికారి విలియం పాట్స్ ఎఱ్ఱ, పచ్చల నడుమ పసుపును చేర్చి, నాలుగు దిక్కులకును కనబడు మూడు రంగుల దీపమును నెలకొల్పెను. నేటి దీపస్తంభము దాని సంతానమే.

ఆ తొలి దీపములను మనుష్యులే చేతితో మార్చుచుండిరి. తరువాత ఆ పనికి గడియారపు యంత్రమును నియోగించిరి. ఖర్చు తగ్గినది, పోలీసుకు ఎండవాన బాధ తప్పినది. కాని దీనితో ఒక నష్టము కూడ వచ్చినది. పోలీసు త్రిప్పుచున్నంత కాలము కూడలికి రెండు కన్నులుండెను. ఏ వీధిలో బండ్లు పేరుకొన్నవో చూచి వాడు చేయి చాపెడివాడు. గడియారము వచ్చిన తరువాత ఆ చూపు పోయినది. పోయిన చూపును తిరిగి తెచ్చుటకు ఇంజనీర్లు సుమారు నూరేండ్లుగా పాటుపడుచున్నారు.

అందలి మొదటి యత్నములలో ఒకటి వినోదముగా నుండును. 1928లో అమెరికాలోని బాల్టిమోరులో చార్లెస్ ఆడ్లరు అను ఇంజనీరు, దీపమునకు కన్నులకు మారుగా చెవులను అమర్చెను. ప్రక్కవీధినుండి వచ్చిన కారువాడు స్తంభము దగ్గర ఆగి హారను మ్రోగించినచో, స్తంభములోని మైక్రోఫోను దానిని విని పచ్చదీపము వెలిగించును. మన పట్టణములలో అట్టిది అమర్చినచో ఆ యంత్రమునకు ఒక్క క్షణమైనను విశ్రాంతి యుండదు. దీనికి సరిగా తలక్రిందులైన ప్రయోగమును ముంబయి పోలీసులు చేసి 2020 ప్రారంభములో లోకమునకు చూపిరి. అచట హారనుల రొద 85 డెసిబెలులు దాటినచో ఎఱ్ఱదీపపు గడువు మొదటినుండి మరల లెక్కకు వచ్చును!

గడియారమును ఎంతకు పెట్టవలెను?

చూపున్న సిగ్నలు ఏమి చేయునో తెలియవలెనన్న, చూపులేని సిగ్నలును ఎట్లు అమర్చుదురో ముందు తెలిసికొనవలెను. పచ్చదీపము వెలుగగానే బండ్లన్నియు ఒక్కసారిగా కదలవు. ముందున్నవాడు గేరు వేసి కదలవలెను. వాని వెనుకవాడు అది చూచి కదలవలెను. వంతు ముగియునపుడు పసుపుదీపము వెలుగును. ఆపై కూడలిలో మిగిలినవారు తొలగుటకై కొన్ని క్షణములు అన్ని దారులకును ఎఱ్ఱదీపమే యుండును. ఈ విధముగా వంతు మారినప్పుడెల్ల నాలుగైదు సెకనులు ఎవరికిని అక్కరకు రాక పోవును. దీనిని నష్టకాలమందురు. వంతులు మరీ పొట్టివైనచో కాలమంతయు ఈ మార్పులకే చెల్లిపోవును. మరీ పొడుగువైనచో ఒక దారిలో బండ్లు అయిపోయిన తరువాత కూడ పచ్చదీపము వెలుగుచుండును, రెండవ దారివారు ఊరక నిలిచియుందురు.

ఈ రెండింటికి నడుమ మేలైన చుట్టుకాలము ఒకటి యుండును. చుట్టుకాలమనగా అన్ని దారులకును ఒక్కొక్క వంతు వచ్చి మొదటి దారికి మరల పచ్చదీపము వెలుగుటకు పట్టు కాలము. దానిని కనుగొను సూత్రమును బ్రిటనులో ఎఫ్. వి. వెబ్‌స్టరు అను శాస్త్రజ్ఞుడు 1958లో ప్రకటించెను. ఇంజనీరింగు విద్యార్థులు దానిని నేటికిని నేర్చుచున్నారు. మాటలలో చెప్పినచో అది ఇట్లుండును: చుట్టులోని మొత్తము నష్టకాలమును ఒకటిన్నరతో హెచ్చించి 5 కలుపవలెను. అట్లు వచ్చిన సంఖ్యను, 1 లోనుండి కూడలి ఒత్తిడిని తీసివేయగా మిగిలిన భిన్నముతో భాగింపవలెను.

ఒత్తిడి యనగా నేమి? ఒక దారిలో గంటకు వచ్చు బండ్లను, దీపము ఎల్లప్పుడు పచ్చగానే యున్నచో ఆ దారిలో గంటకు పోగల బండ్లతో భాగించిన భిన్నము ఆ దారి ఒత్తిడి. వంతులన్నిటి భిన్నములను కూడినచో కూడలి ఒత్తిడి. బండ్లన్నియు ఒకే పరిమాణము గలవి కావు గనుక కారును ఒకటిగా పెట్టుకొని తక్కినవానిని దానితో తూచుదురు. పోగల బండ్ల లెక్కకు వెబ్‌స్టరు చూపిన సంఖ్య, దారి వెడల్పున మీటరుకు గంటకు 525 కార్లు. (మన దేశములో మోటారు సైకిళ్లు సందులన్నిటిని నింపుచు పోవును గనుక ఈ సంఖ్య కొంత మారును. 2017లో వెలువడిన భారతీయ రహదారుల సామర్థ్య గ్రంథము 7 మీటర్లకు తక్కువైన దారులకు మీటరుకు 630 అని చెప్పుచున్నది.)

ఒక ఉదాహరణము తీసికొందము. ప్రధానమార్గమున ఒక దిక్కునుండి వచ్చు బండ్లకు 7 మీటర్ల వెడల్పు కలదనుకొందము. అది గంటకు 3675 కార్లను పంపగలదు. దానిలో 1470 వచ్చుచున్నచో ఒత్తిడి 0.40. ప్రక్కవీధి వెడల్పు 5.6 మీటర్లు, అది 2940 కార్లను పంపగలదు, వచ్చునవి 735, ఒత్తిడి 0.25. మొత్తము 0.65. రెండు వంతులకు నష్టకాలము 10 సెకనులు. సూత్రము ప్రకారము 20ని 0.35తో భాగింపగా చుట్టుకాలము 57 సెకనులు వచ్చును. అందులో 10 నష్టము పోగా మిగిలిన 47 సెకనులను ఒత్తిడుల నిష్పత్తిలో పంచినచో ప్రధానమార్గమునకు 29, ప్రక్కవీధికి 18 సెకనుల పచ్చదీపము లభించును.

ఇంతవరకు బాగుగనే యున్నది. ఇప్పుడు సాయంకాలమై ఒత్తిడి 0.80కి పెరిగినదనుకొందము. చుట్టుకాలము 100 సెకనులు కావలెను. 0.90 అయినచో 200 సెకనులు! మిట్టమధ్యాహ్నము ప్రధానమార్గమున 0.25, ప్రక్కవీధిలో 0.15 మాత్రమే యున్నచో 33 సెకనులు చాలును. అనగా ఒకే కూడలికి ఒకే దినమున తగిన చుట్టుకాలము అరనిమిషము నుండి మూడు నిమిషముల దాక మారుచుండును. ఒక్క సంఖ్యకు బిగించిన గడియారము దినములో ఏదో ఒక గంటకు సరిపోయి, తక్కిన గంటలన్నిటను తప్పుచుండును. ఉదయమునకు ఒకటి, మధ్యాహ్నమునకు ఒకటి, సాయంకాలమునకు ఒకటి చొప్పున మూడు పట్టికలు వ్రాసి పెట్టిన కొంత మేలే. కాని పెండ్లి ముహూర్తముల దినము, సంత దినము, రొట్టెల పండుగకు జనము వచ్చు దినము ఆ పట్టికలకు తెలియవు. పైగా పట్టికను వ్రాసిననాడు లేని కళాశాలయు ఆసుపత్రియు అయిదేండ్లకు ఆ వీధిలో వెలసియుండును. పాతబడిన పట్టికను మరల లెక్కించువారు అరుదు.

నేలలో తీగ, స్తంభముపై కెమెరా

సిగ్నలునకు చూపునిచ్చు సాధనములలో చాలకాలము ప్రధానమైనది నేలలో పాతిన తీగచుట్ట. రోడ్డుమీద సన్నని గాడి కోసి, అందులో రాగితీగను నాలుగైదు చుట్లు చుట్టి, పైన తారుతో పూడ్చుదురు. తీగలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించుచు దానిచుట్టు అయస్కాంత క్షేత్రమును ఏర్పరచుచుండును. ఇనుప బండి దానిపై నిలిచినపుడు ఆ లోహములో సుడి విద్యుత్తులు పుట్టి క్షేత్రమును ఎదిరించును; తీగచుట్ట ప్రేరకత తగ్గును; వలయపు పౌనఃపున్యము కొంచెము పెరుగును. ఆ పెరుగుదలయే బండి వచ్చినదనుటకు గుర్తు. కారును, బస్సును ఇది చక్కగా పసిగట్టును. మోటారు సైకిలులో లోహము తక్కువ గనుక తరచు తప్పిపోవును. తోపుడుబండి దానికి లేనట్లే.

మన దేశములో తీగచుట్టలకు వేరొక గండము కూడ కలదు. మంచినీటి గొట్టమునకో టెలిఫోను తీగకో రోడ్డు త్రవ్విననాడు అవి తెగిపోవును. ఒక్కొక్కప్పుడు చెడిన తీగచుట్ట ఊరకుండక, బండి ఎల్లప్పుడును నిలిచియున్నట్లే చెప్పుచుండును. అప్పుడు ఖాళీవీధికి పచ్చదీపము వరుసగా వెలుగును. అబద్ధము చూపు కన్నుకంటె కన్ను లేకుండుటయే మేలు. ఈ కారణముచే ఇటీవల స్తంభములపై వీడియో కెమెరాలను, రాడారులను అమర్చుచున్నారు. కెమెరా తీసిన బొమ్మలో ఏది బస్సు, ఏది ఆటో, ఏది మోటారు సైకిలు అని గుర్తించుటకు వేలకొలది బొమ్మలు చూపి కంప్యూటరునకు నేర్పుదురు. వానజల్లు, రాత్రి దీపముల తళుకు, కటకముపై పేరుకొను దుమ్ము దీని చూపును మందగింపజేయును. గుడ్డతో తుడుచువాడు లేనిచో ఎంత తెలివిగల కంప్యూటరైనను చేయగలిగినది లేదు.

బండిని గుర్తింపగలిగిన తరువాత మొదటి మెట్టు సులభము. పచ్చదీపము వెలుగుచున్న దారిలో బండ్లు ఎడతెగక వచ్చుచున్నంతసేపు పచ్చను పొడిగింపవలెను. రెండు మూడు సెకనుల ఖాళీ వచ్చినచో వంతును రెండవ దారికి ఈయవలెను. దీనికి ఒక కనిష్ఠ గడువు, ఒక గరిష్ఠ గడువు ఉండును. ఒంటరిగానున్న కూడలికి ఈ పాటి చాలును. ఆత్మకూరు పరిమాణము గల పట్టణమున, ఒకటి రెండు కూడళ్లకు దీపము అవసరమైనను, దీనికి మించిన వ్యయము దండుగ యనియే చెప్పవలెను.

కూడళ్లు వరుసగా నున్నపుడు సంగతి మారును. ఒక కూడలి వదలిన బండ్లగుంపు కొంతసేపటికి తరువాతి కూడలికి చేరును. రెండింటికి నడుమ 400 మీటర్లుండి, బండ్లు గంటకు 36 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 10 మీటర్ల చొప్పున పోవుచున్నచో, రెండవ దీపము మొదటిదానికంటె 40 సెకనుల తరువాత పచ్చబారవలెను. అప్పుడు గుంపు ఆగక సాగిపోవును. ఎదురుదిక్కున వచ్చువారికి ఇదే అంతరము కుదురుననుటకు లేదు. ఒకరికి మేలైనది మరియొకరికి కీడగుట ఇచట సామాన్యము. కావున చుట్టుకాలము, వంతుల పంపకము, కూడళ్ల నడుమ అంతరము అను మూడింటిని కలిపి, అన్ని దిక్కులవారి మొత్తము ఆలస్యము తగ్గునట్లు లెక్కింపవలెను. ఇన్ని లెక్కలు కంప్యూటరు లేక సాగవు. నగరపు సిగ్నళ్లను కంప్యూటరుతో నడపుటలో కెనడాలోని టొరంటో 1963లోనే ముందడుగు వేసెను.

1970ల దశకములో రెండు దేశములలో రెండు మార్గములు ఏర్పడినవి. బ్రిటనులో గ్లాస్గో నగరమున పరీక్షింపబడిన స్కూట్ పద్ధతిలో కన్నును కూడలికి చాల వెనుక, ముందటి కూడలి దాటినచోటనే ఉంచుదురు. బండ్లు దీపము చేరకమునుపే ఎన్ని రానున్నవో తెలియును. కంప్యూటరు తనలో ఒక ఊహావీధిని కల్పించుకొని, అందులో వరుస ఎంత పొడుగగునో లెక్కించి, వంతును కొద్ది సెకనులు ముందుకో వెనుకకో జరుపును. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున పుట్టిన స్కాట్స్ పద్ధతిలో కన్ను దీపము ముందరి గీత వద్దనే యుండును. పచ్చదీపపు కాలములో ఎంతభాగము నిజముగా బండ్లు పోవుటకు వినియోగమైనది, ఎంతభాగము ఖాళీగా పోయినది అని అది కొలుచును. ఒకటి రాబోవుదానిని ఊహించును, రెండవది జరిగినదాని నుండి నేర్చుకొనును. రెండును ఒక్కసారిగా పెద్ద మార్పులు చేయవు. కొంచెము కొంచెముగానే జరుపును. తొందరపడి మార్చిన వేళలు వీధినంతయు కలవరపరచునని అనుభవమున తేలినది.

మన వీధులలో

పై పద్ధతులు బండ్లు గీతల నడుమ వరుసగా పోవు దేశములలో పుట్టినవి. మన వీధులలో గీతలకు అంత గౌరవము లేదు. ఈ మిశ్రమ సంచారమునకు తగినట్లుగా తిరువనంతపురములోని సి-డాక్ సంస్థ కోసికాస్ట్ అను దేశీయ పద్ధతిని రూపొందించెను. 2024లో బెంగళూరు నగరము 165 కూడళ్లలో ఈ పద్ధతిని అమర్చుటకు పూనుకొనెను. హైదరాబాదులో అంతకుముందే హెచ్‌ట్రిమ్స్ అను పేరుతో 221 కూడళ్ల సిగ్నళ్లను ఒక కేంద్రముతో కలుపు పథకమును భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ చేపట్టెను. 2023లో గూగుల్ సంస్థ గ్రీన్ లైట్ అను పథకమునకు ఎన్నుకొన్న 12 నగరములలో కూడ హైదరాబాదు కలదు. ఇది అసలు అనుకూలన సిగ్నలు కాదు. ప్రయాణికుల ఫోనులు తెలుపు కదలికలను బట్టి, ఏ కూడలిలో బండ్లు అనవసరముగా ఆగుచున్నవో కనిపెట్టి, వేళలను ఇట్లు మార్చిన బాగుండునని అధికారులకు సూచించును. నేలలో తీగ అక్కరలేదు, స్తంభముపై కెమెరా అక్కరలేదు. పాతబడిన పట్టికలను సరిదిద్దుటకు ఇది చవుకైన ఉపాయము.

దీపము ప్రక్కన 60, 59, 58 అని తగ్గుచు వచ్చు అంకెలను చూచుటకు మన నగరవాసులు అలవాటు పడినారు. అంకె చూచి ఇంజను ఆపుకొనువారును కలరు, మూడు మిగిలియుండగానే బండి దూకించువారును కలరు. అనుకూలన సిగ్నలునకు ఈ అంకెలతో పొత్తు కుదరదు. వంతు ఇంకెంత మిగిలినదో దానికే ముందుగా తెలియదు. ఆ అంకెలను చూపుచున్నంత కాలము వేళను మార్చు స్వేచ్ఛ దానికి తగ్గును.

ఏ పద్ధతి యైనను వెబ్‌స్టరు సూత్రమును దాటజాలదని కూడ చెప్పవలెను. ఒత్తిడి 1కి చేరినచో హారము సున్న యగును. ఎంత చుట్టుకాలమైనను చాలదు. నిండిన వీధికి ఎంత తెలివిగా వంతులు పంచినను, వచ్చునవి పోగలవానికంటె ఎక్కువైనపుడు వరుస పెరుగుచునే యుండును. అది వెనుకటి కూడలిని ముట్టినచో అడ్డముగా పోవలసినవారి దారియు మూసికొనును. అప్పుడు చేయగలిగినది ఒక్కటే: నగరములోనికి వచ్చు దారులవద్దనే పచ్చదీపమును తగ్గించి, వరుసను స్థలమున్నచోట నిలిపియుంచుట. కాలువ తలుపును ఎగువన దించుట వంటిది ఇది. ఎగువన నిలిచినవారికి ఇది అన్యాయముగా తోచును. ఉదయగిరి బస్సు నిలుచునది అక్కడనే.

ఎవరిని లెక్కించుట?

అసలు చిక్కు ఇచటనే కలదు. కంప్యూటరు తగ్గించుచున్నది బండ్ల ఆలస్యమును. గ్రామీణ రహదారులకై 1990లో భారతీయ రహదారి కాంగ్రెసు వాడిన తూకములలో కారు 1, మోటారు సైకిలు సగము, బస్సు 3, ఎడ్లబండి 8. దారిలో ఎంత చోటు ఆక్రమించును అను దృష్టితో ఈ అంకెలు న్యాయమైనవే. కాని ఏబదిమందితో వచ్చిన బస్సు మూడు కార్లతో సమానమగుట గమనింపదగినది. ఆ మూడు కార్లలో ఒక్కొక్కడే కూర్చుండి యుండవచ్చును. బండ్ల ఆలస్యమునకు బదులు మనుష్యుల ఆలస్యమును కూడవలెనన్నచో, బస్సు వచ్చు దారికి పచ్చదీపమును నాలుగైదు సెకనులు పొడిగించుట సులభమైన పని. జూరిచ్, లండను నగరములలో బస్సులకు, ట్రాములకు ఇట్టి మన్నన చాలకాలముగా కలదు. బస్సు ఎచటనున్నదో ఉపగ్రహముల సాయమున తెలిసికొను సాధనము నేడు ఆర్టీసీ బస్సులకును వచ్చినది. దానిని సిగ్నలుతో ముడివేయుట మిగిలియున్నది.

అంబులెన్సు సంగతియు ఇట్టిదే. ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టులో మొదలైన తరువాత, పడమటి మండలముల నుండి ప్రాణాపాయముతో నెల్లూరు ఆసుపత్రులకు వచ్చువారికి పల్లెదారిలో గడచు కాలము చాల తగ్గెను. కూడలిలో గడచు కాలమును తగ్గించుటకు, అంబులెన్సు సమీపించుచున్నదని సిగ్నలునకు ముందే తెలియవలెను. అది చేరువరకు ఎదుటనున్న వరుస కదలిపోవుటకు వ్యవధి కావలెను గనుక, కంటికి కనబడిన తరువాత పచ్చదీపము వెలిగించిన లాభము లేదు. ఒక కిలోమీటరు ముందుగానే వెలుగవలెను.

ఏ లెక్కలోనికిని రానివాడు నడచిపోవు మనిషి. పై ఉదాహరణములో ప్రక్కవీధికి పచ్చదీపము వెలిగినపుడే ప్రధానమార్గమున బండ్లు ఆగును. అప్పుడే మనిషి దానిని అడ్డముగా దాటవలెను. రెండు దిక్కుల వెడల్పు కలిపి 14 మీటర్లు. ఇంజనీర్లు సాధారణముగా పెట్టుకొను నడకవేగము సెకనుకు 1.2 మీటర్లు. దాటుటకు 12 సెకనులు కావలెను. ఉదయము ప్రక్కవీధికి 18 సెకనులుండెను గనుక సరిపోవును. మిట్టమధ్యాహ్నపు 33 సెకనుల చుట్టులో నష్టకాలము పోగా మిగులునవి 23. వానిలో ప్రక్కవీధికి వచ్చునవి 9 సెకనులు మాత్రమే. బండ్లకు అత్యుత్తమమైన వేళ అది; సూత్రములో తప్పేమియు లేదు. సెకనుకు 1.2 మీటర్ల చొప్పున నడచువాడు కూడ ఆ తొమ్మిది సెకనులలో దాటలేడు. ఆసుపత్రికి వచ్చిన ముదుసలి సెకనుకు 0.8 మీటర్ల చొప్పున నడచినచో ఆమెకు పదిహేడున్నర సెకనులు కావలెను. అనుకూలన సిగ్నలు ఎంత చురుకుగా ఖాళీ సెకనులను కత్తిరించునో అంతగా ఈ ప్రమాదము పెరుగును; ఆ ఖాళీ సెకనులలోనే ఇంతవరకు ముదుసలివారు దాటుచుండిరి.

కనుకనే ప్రతి వంతునకును, బండ్లున్నను లేకున్నను, మనిషి దాటుటకు చాలునంత కనిష్ఠ గడువును ముందుగా బిగింపవలెను. దారి నడుమ నిలుచుటకు ఎత్తైన దిమ్మె కట్టినచో ఒక్కమారు 7 మీటర్లు దాటిన చాలును. దీనికి కంప్యూటరు అక్కరలేదు, సిమెంటు చాలును. బ్రిటనులో పఫిన్ అను దాటుచోట్లలో నడచువారిని కనిపెట్టు సాధనముండి, మనిషి ఇంకను దారిలోనే యున్నచో బండ్లకు పచ్చదీపము రాకుండ ఆపును. సింగపూరులో 2009 నుండి మరియొక ఏర్పాటు చేసిరి. వృద్ధులు తమ కార్డును స్తంభము మీది పెట్టెకు తాకించినచో, దారి వెడల్పును బట్టి 3 నుండి 13 సెకనుల వరకు నడచువారి పచ్చదీపము అదనముగా వెలుగును. పై లెక్కలోని ముదుసలికి మిట్టమధ్యాహ్నము తక్కువపడినవి ఎనిమిదిన్నర సెకనులు.